నాలుగు దాటాక

మూత పెట్టినా వాసన ఆగదు. వెన్న రాసి కాల్చిన రొట్టె, పక్కన ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టిన బంగాళాదుంప. ఉప్పు లేని దుంపకి కూడా ఇంత వాసన ఉంటుందని నాకు ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. స్టూలు మీద పళ్ళెం, పళ్ళెం మీద మూత, మూత మీద వదిన నాలుగు మడతలు వేసి పెట్టిన చేతిగుడ్డ, ఎవరైనా తీస్తే తెలిసిపోయేలా. ఎవరైనా అంటే నేనే, ఇంకెవరున్నారు. మంచం మీద అన్నయ్య నిద్రపోతున్నాడు, ముందు గదిలో అమ్మ రేడియో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది, వదిన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని ఎవరికో నవ్వుతూ టోకెన్ ఇస్తూ ఉంటుంది. వెళ్తూ వెళ్తూ చెప్పింది, "ఏడు గంటలవగానే లేపి, ఇవాళ దగ్గరుండి తినిపించు, ఆలస్యం చెయ్యకు" అని. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నువ్వు మాత్రం జాగ్రత్త తల్లీ, రేపే కదా" అని కూడా అంది. రేపే. రేపు పొద్దున స్కానింగ్. నేను కూర్చున్న కుర్చీ మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఉంది, లేవాలంటే ముందు కుర్చీని ఎత్తాలి, ఎత్తితే కిర్రుమంటుంది, అన్నయ్య లేస్తాడు. కాబట్టి కూర్చున్నాను. పళ్ళేన్ని చూడకూడదనుకుని గోడని చూస్తున్నాను, గోడ మీద గడియారం ఉంది, గడియారం చూడటం పళ్ళేన్ని చూడటం కన్నా నయమేమీ కాదు.

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏమైనా తినొచ్చు, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప గొంతులోకి ఏదీ పోకూడదు. ఇంతే మందు. మాత్రలు లేవు, కషాయాలు లేవు. ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే డైటీషియన్ అమ్మాయి ఎంత సన్నగా ఉందంటే కుర్చీలో ఆవిడ కూర్చుందో, కోటు ఒక్కటే కూర్చుందో తెలియలేదు. "ఏం తినాలి అన్నది కాదు మేడమ్, ఎప్పుడు తినాలి అన్నదే. రాత్రంతా కడుపుకి సెలవిస్తే లివర్లో పేరుకున్న కొవ్వు అదే కరుగుతుంది" అంది. కడుపుకి సెలవు! ఎంత బాగా చెప్పింది. సెలవిచ్చిన కడుపు ఇంట్లో ఊరికే కూర్చుంటుందా, సాయంత్రం నాలుగు నుంచీ తలుపులు బాదుతూనే ఉంటుంది. నాలుగైదు రోజుల్లో అలవాటైపోతుందంది. నెలలు గడిచాయి, అలవాటైంది నాకు కాదు, ఇంట్లోవాళ్ళకి. నేను ఒంటరిగా ఉంటే ఏం తింటానో ఎవరు చూస్తారని నన్ను నా ఫ్లాటులోంచి ఇక్కడికి తెచ్చి సోఫా మీద పడుకోబెట్టారు. ప్రేమతోనే తెచ్చారు, అదే చిక్కు. నాలుగవగానే పొయ్యి ఆర్పేస్తారు. అమ్మ షుగరు మాత్ర వేసుకోవాలి కాబట్టి రాత్రి తినక తప్పదు, అందుకని గోడవైపు తిరిగి తింటుంది, ఏదో తప్పు చేసి దొరికిపోయిన దానిలా. వదిన తినటం లేదంటుంది, కానీ స్నానాల గదిలో కుళాయి ధారగా వదిలినా బిస్కెట్టు నమిలే చప్పుడు నాకు వినిపిస్తుంది. కుళాయికి నమలడం రాదు కదా వదినా అని అడగాలనిపిస్తుంది. అడగను. పాపం, ఉద్యోగం చేసి, అన్నయ్యని చూసి, నన్ను కాపలా కాసి, ఆవిడ మాత్రం ఏం తింటుంది.

బరువులు తూచడమే నా బతుకుతెరువు. విమానాశ్రయంలో కౌంటర్ వెనక నిలబడి సామాను బెల్టు మీద పెట్టించి, అంకె చూసి, "కొంచెం ఎక్కువుందండీ, తీసెయ్యాలి" అంటాను. ఇన్నేళ్ళుగా అంటున్నాను. అనగానే వాళ్ళు అక్కడే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరుస్తారు. పెట్టె తెరిచాక మనిషి మొహం మారిపోతుంది, అది నేను చాలాసార్లు చూశాను. అంత శ్రద్ధగా సర్దుకున్నవన్నీ, లోపలి బట్టలు, మందులు, ఎవరికోసమో కొన్న బొమ్మలు, నలుగురి ముందూ బయటికి వస్తాయి. ఏది తీయాలో తెలియక ఒకటి తీసి మళ్ళీ అదే పెడతారు. రెండు స్వెటర్లు వేసుకుని పైన కోటు తొడుక్కుని చెమటలు కక్కుతూ మళ్ళీ క్యూలోకి వస్తారు. నేను నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఈ మధ్య తెల్లవారుజాము షిఫ్టులో, ప్రయాణికులు ఇంకా రాకముందు, ఆ బెల్టు మీదే నేనెక్కి నిలబడుతున్నాను. పక్క కౌంటర్లో పొడుగాయన ఒకడున్నాడు, మాటకారి, ఓ రోజు చడీచప్పుడు లేకుండా వచ్చి నా భుజానికి ‘పగిలే వస్తువు, జాగ్రత్త’ అన్న స్టిక్కరు అంటించి పోయాడు. సాయంత్రం దాకా చూసుకోలేదు. ప్రయాణికులందరూ ఎందుకు నాతో అంత మర్యాదగా మాట్లాడుతున్నారా అనుకున్నాను. ఆ స్టిక్కరు పారెయ్యబుద్ధి కాక చాలాసేపు చేత్తో పట్టుకున్నాను. నిజమే కదా అనిపించింది. పక్కటెముకల కింద నుంచి ఇలా అడ్డంగా కోస్తారట, డాక్టరు పెన్నుతో గాల్లో గీసి చూపించాడు. లివర్ సగం పైనే తీస్తారట, మళ్ళీ పెరుగుతుందట. గోళ్ళు పెరిగినట్టు, జుట్టు పెరిగినట్టు ఎంత తేలిగ్గా చెప్పాడు. నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు అన్నాడు. మిగిలిన ఆ ఒక్కరూ ఎలా ఉంటారో, వాళ్ళకీ నాలాగే సోఫా మీద పడుకునే అలవాటుందో.

నాకు భయం. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఈ ఇంట్లో అనడానికి చోటు లేదు. అన్నయ్యకి లివర్ పాడైందని తెలిసిన రోజు అందరూ ఒకటే ప్రశ్న, తాగేవాడా అని. టీ కూడా చల్లారబెట్టుకుని తాగే మనిషి. ఒంట్లో పుట్టిన జబ్బేదో, ఒళ్ళే తనని తాను తినేస్తోందట, పేరు నోరు తిరగదు. వదిన రక్తం సరిపడలేదు. అమ్మది సరిపడ్డా వయసు సరిపోలేదు. హాస్టల్లో ఉన్న వాళ్ళ పిల్లలకి వయసు రాలేదు. నాది సరిపడింది. ఆ కబురు ఫోనులో వినగానే వదిన ఏడ్చింది, అమ్మ దణ్ణం పెట్టుకుంది, ఎవరెవరో బంధువులు ఫోన్లు చేసి నన్ను మెచ్చుకున్నారు. ఇస్తావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. సరిపడితే ఇచ్చినట్టే. పైగా ఒక పిన్ని అంది, "నీకైతే ఇబ్బంది లేదులేమ్మా, మొగుడా పిల్లలా" అని. అంటే నా కడుపు కోస్తే ఏడ్చేవాళ్ళు లేరు కాబట్టి కోయడం సులువు. ఆ మాట విని నేను అవును పిన్నీ అన్నాను కూడా. చిన్నప్పటి నుంచీ నేనింతే, ఎవరేమన్నా అవునంటాను, తర్వాత దిండులో మొహం పెట్టుకుని తిట్టుకుంటాను. ఒక్క అడ్డంకి మిగిలింది. నా లివర్ నిండా కొవ్వుందట. బరువు తగ్గి కొవ్వు కరిగితేనే తీసుకుంటారట. నన్ను ‘బొద్దు’ అని పిలవడం మొదలుపెట్టింది అన్నయ్యే. నాకు నడక రాకముందే పెట్టాడట ఆ పేరు. బళ్ళో అందరికీ నేర్పాడు, నా పెళ్ళిచూపుల్లో నోరు జారాడు, ఆ పెళ్ళికొడుకు నవ్వాపుకోలేక లేచి వెళ్ళాడు, వాడు వెళ్ళినందుకు నాకేం బాధ లేదు గానీ పళ్ళెంలో కేకు ముక్క సగమే తిని వెళ్ళాడు, అది బాధ. జీవితమంతా నన్ను ఏడిపించిన ఆ కొవ్వే ఇప్పుడు నాకు మిగిలిన అడ్డుగోడ. ప్రతి వారం అది కొంచెం కొంచెం కరుగుతోంది. వదిన పొద్దున్నే మిషను ముందు గొంతుక్కూర్చుని అంకె చూసి, "తగ్గింది, తగ్గింది" అని అమ్మకి కేకేస్తుంది. ఇంట్లో ఇద్దరి మొహాలూ వెలిగిపోతాయి. నా కాళ్ళ కింద నేల కొంచెం జారినట్టవుతుంది.

పోనీ, తినేస్తే సరిపోతుంది కదా. ఎవరితోనూ ఏమీ అనక్కర్లేదు. రోజూ ఒక ప్యాకెట్ బిస్కెట్లు, ఎయిర్‌పోర్టులో దొరికే ఆ పెద్ద చాక్లెట్టు, రెండు చల్లటి సీసాలు. స్కానింగే చెప్పేస్తుంది, ఈవిడ పనికిరాదని. నా హ్యాండ్‌బ్యాగులో ప్యాకెట్ కూడా ఉంది, కొని చాలా రోజులైంది, లోపల అన్నీ పొడి అయిపోయి ఉంటాయి. సాయంత్రం బస్సులో చెయ్యి బ్యాగులోకి వెళ్తుంది, జిప్పు తీస్తుంది, మళ్ళీ వేసేస్తుంది. ఎందుకు తినలేదో నాకే తెలియదు. మంచిదాన్ని కాబట్టా, పిరికిదాన్ని కాబట్టా. ఇచ్చేవాళ్ళని విడిగా చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, ఆవిడ దగ్గర ఒక రోజు మొత్తం మారిపోయింది. వదినని బయట కూర్చోమని తలుపేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నిన్నెవరైనా బలవంతం చేస్తున్నారా?" అంది. లేదండీ అన్నాను. "ఇష్టం లేకపోతే నాతో ఒక్క మాట చెప్పు చాలు. సరిపడలేదు అని మాత్రమే మీవాళ్ళకి చెప్తాం. ఎందుకన్నది ఈ గది దాటదు. ఆఖరి స్కానింగ్ రోజు మళ్ళీ అడుగుతాను" అంది. ఆఖరి స్కానింగ్ రేపు. అప్పటిదాకా నన్ను అందరూ కలిసి ఎక్కడికో మోసుకెళ్తున్నారు, నా చేతిలో ఏమీ లేదు, అందులో ఒక సుఖం ఉంది. ఆవిడ తలుపు తీసి పెట్టింది. తీసిన తలుపు ముందు కూర్చోవడం మూసిన తలుపు వెనక కూర్చోవడం కన్నా ఘోరం. చెప్పేస్తాను. రేపు చెప్పేస్తాను. బస్సులో అనుకున్నాను, స్నానం చేస్తూ అనుకున్నాను, ఇప్పుడు కూడా ఈ గోడకేసి చూస్తూ అనుకుంటున్నాను. తర్వాత అన్నయ్య మొహం వైపు చూడకుండా ఉంటే చాలు.

చూశాను. దీపం ఇంకా వెయ్యలేదు, కిటికీలోంచి వీధి వెలుతురు కొంచెం మంచం మీద పడుతోంది. నిద్రలో నోరు తెరిచి ఉంది. మనిషి ఎక్కడో లోపలికి వెళ్ళిపోయి చర్మం మాత్రం ఇక్కడ వదిలేసినట్టున్నాడు. కణతల దగ్గర గుంటలు. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం నీరు పట్టి ఉబ్బింది. పోయిన నెలకీ ఇప్పటికీ ఇంత తేడానా. పెద్దాసుపత్రిలో సర్జన్ గట్టిగా అన్నాడు, ఈయన కండ ఇలా కరిగిపోతే ఆపరేషన్ తట్టుకోలేడు, ఈయన మాత్రం ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు, పడుకునే ముందు తప్పకుండా తినాలి, తినకపోతే ఒళ్ళు కండనే పీక్కు తింటుంది అని. అందుకే ఈ పళ్ళెం. ఇంట్లో ఒకరు తింటే ప్రమాదం, ఒకరు తినకపోతే ప్రమాదం, మధ్యలో వదిన రెండు గడియారాలు పెట్టుకుని తిరుగుతోంది. ఇన్ని తిండ్లు పెడుతున్నా ఈయన ఎందుకిలా అయిపోతున్నాడని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. దుప్పటి జారి పాదాలు బయటపడ్డాయి. ముట్టుకుంటే మంచులా ఉన్నాయి. మేజోళ్ళు తొడుగుదామనుకుని, కుర్చీ కదలకుండా వెనక్కి చెయ్యి చాపి బీరువా కింది అర లాగాను. ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో వేసుకున్న మేజోళ్ళు, ఉండలుగా చుట్టి వరసగా ఉన్నాయి. ఒకటి తీశాను. బరువుగా ఉంది. మేజోడుకి ఇంత బరువెందుకు అని విప్పితే లోపల కాగితం రుమాల్లో చుట్టిన రొట్టె ముక్కలు. ఎండిపోయి అట్టలైపోయాయి. ఇంకోటి విప్పాను, ఖర్జూరాలు. ఇంకోటి, బిస్కెట్లు. మొదట నాకు నవ్వొచ్చింది, ఓరి దొంగా, నువ్వూ దాచుకుంటున్నావా అనుకున్నాను. దాచుకున్నవాడు తింటాడు కదా, ఇవన్నీ అలాగే ఎందుకున్నాయి అన్న ఆలోచన ఆ వెనకే వచ్చింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. రోజూ సాయంత్రం, "ఎవరైనా చూస్తుంటే నాకు సహించదు, అక్కడ పెట్టి వెళ్ళండి" అంటాడు. మేం పెట్టి వెళ్తాం. తర్వాత ఖాళీ పళ్ళెం తీసుకెళ్తాం. వదిన ఆ ఖాళీ పళ్ళేన్ని అమ్మకి చూపించి మురిసిపోతుంది. వాష్‌బేసిన్ మాటిమాటికీ ఎందుకు పూడుకుపోతోందో, పనివాడు వచ్చి పుల్ల పెట్టి కెలికి సూపు ముక్కలు తీసి ఎందుకు వింతగా చూశాడో ఇప్పుడు తెలిసింది.

"అర ముయ్యవే. వాసనొస్తుంది" అన్నాడు అన్నయ్య. ఎప్పుడు లేచాడో, కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. తెల్లగుడ్డు పచ్చగా, మధ్యలో చూపు మాత్రం చిన్నప్పటిదే.

"ఎన్నాళ్ళ నుంచి?"

దుప్పటి పైకి లాక్కున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా? నాలుగు దాటాక నువ్వూ తినటం లేదా?"

"నువ్వు ఆ గదిలో కడుపు మాడ్చుకుని పడుకుంటే నేనిక్కడ వెన్న రాసుకుని తినాలా? ప్రయత్నించానే బొద్దూ. గొంతు దిగలేదు" అన్నాడు. ఏదో మర్యాద విషయం చెప్తున్నట్టు ఎంత మామూలుగా అన్నాడో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి, ఈ తెలివితక్కువ మనిషి, నా మీద జాలితో తన కండని తానే అరగదీసుకుంటున్నాడు. నేను ఇటు కరుగుతుంటే అటు తను కరుగుతున్నాడు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం చక్కగా మాయమైపోతున్నాం, ఇంట్లోవాళ్ళు మిషను చూసి చప్పట్లు కొడుతున్నారు. ఇదేం కుటుంబమండీ.

"చచ్చిపోతావురా" అన్నాను. అన్నయ్యని రా అనడం అదే మొదటిసారి. "ఇలా అయితే టేబుల్ మీదే పోతావు. నేను మాడింది దేనికి మరి?"

"నేనడిగానా నిన్ను?"

"అడగలేదు. వద్దని కూడా అనలేదు."

"వద్దందామనే రోజూ అనుకుంటాను. నోరు రాదు. బతకాలనుందే" అన్నాడు. ఆ మాట తను కూడా ఎవరితోనూ అనలేదని అర్థమైంది. నా మాట కూడా ఇప్పుడే అనెయ్యాలి, ఈ చీకట్లో, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అనలేను.

"నాకు భయంగా ఉందన్నయ్యా."

"తెలుసు."

తెలుసట. తెలిసి ఇన్నాళ్ళూ మేజోళ్ళలో రొట్టె దాచుకున్నాడు. నేను చేతిగుడ్డ తీశాను, మూత తీశాను. చేతులు వాటంతటవే చేశాయి. "తిను" అన్నాను. తల అడ్డంగా తిప్పాడు, "నువ్వు" అన్నాడు, గొడవ పడే ఓపిక లేక కళ్ళు మూసుకున్నాడు. నేను తింటే గానీ తినడు. నేను తింటే, రేపు స్కానింగ్. ఒక్క ముక్కకి కొవ్వు పేరుకోదని డైటీషియన్ పిల్ల అంటుందేమో, నాకు మాత్రం ఆ ముక్క దాటితే వెనక్కి రాలేననిపించింది. రొట్టె విరిచాను. నోట్లో పెట్టుకున్నాను. దేవుడా, వెన్న. నాలుక కింద నీళ్ళు ఊరి కళ్ళలోంచి కూడా వచ్చాయి. తన కోసమే తింటున్నానని చెప్పుకున్నాను, చెప్పుకుంటూనే పెద్ద ముక్క ఇంకోటి కుక్కుకున్నాను, నమలకుండా ఇంకోటి. బుగ్గలు రెండూ నిండిపోయాయి, చేతిలో ఇంకా ఉంది, ఆగలేకపోతున్నాను. అన్నయ్య కళ్ళు తెరిచి చూశాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. అప్పుడే బయటి తలుపులో తాళం తిరిగింది. వదిన, చెప్పినదానికన్నా ముందే. చెప్పుల చప్పుడు, అమ్మతో ఏదో మాట, వసారాలో అడుగులు. అన్నయ్య ఎక్కడి బలం తెచ్చుకున్నాడో లేచి, నా చేతిలో మిగిలిన రొట్టె లాక్కుని మొత్తం తన నోట్లో పెట్టేసుకున్నాడు. దుంప కూడా సగం కొరికాడు. నేను విప్పిన మేజోళ్ళు అరలో కుక్కి మడమతో వెనక్కి నెట్టేశాను.

వదిన లైటు వేసింది. ఖాళీ అవుతున్న పళ్ళెం, నిజంగా నములుతున్న అన్నయ్య దవడలు, వెన్న అంటిన అతని పెదవులు చూసింది. బ్యాగు భుజం మీదే ఉంది, గుమ్మంలోనే నిలబడిపోయింది, మొహమంతా ఒక్కసారిగా వదులైంది. వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. నేను పెదవులు బిగించి కూర్చున్నాను, మింగితే గొంతు కదులుతుంది, కనిపిస్తుంది.

"నీ చేత్తో పెడితే మన ముందే తిన్నాడు చూడు" అంది. కాసేపు నా జుట్టు నిమురుతూ ఏదో మాట కోసం వెతుక్కుంది. "నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు తల్లీ. అడిగితే కాదంటావేమోనని భయపడి అడగలేదు. రేపు వాళ్ళు అడిగేలోపు నేనే అడగాలనిపించింది. నీకు ఇష్టమేనా? కాకపోతే ఇప్పుడే చెప్పు. నేనేమీ అనుకోను, ఒట్టు."

ఇన్ని నెలలుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసిన మాట. నా నోటినిండా రొట్టె ఉంది. వదిన వంగి నా కళ్ళలోకి చూస్తోంది, దగ్గరగా, వాసన తగిలేంత దగ్గరగా.

తలూపాను.

వదిన నన్ను గట్టిగా కౌగిలించుకుని ఏడ్చేసింది. ఆవిడ భుజం మీంచి చూస్తే, అన్నయ్య నమలడం ఆపేశాడు.